గుర్రానికి పరిచిన బండలు

విశ్వాసమ్మత్త అరవగా నేనెప్పుడూ వినలేదు. చాందిని పడిన రోజు కూడా ఆమె అరవలేదు. అరిచింది మేమే. ఆమె మాత్రం గుర్రం కొట్టం గడప దగ్గర, చేతిలో ఉలవల చాట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చాట ఒక పక్కకు ఒరిగింది. ఉలవలు నున్నటి బండల మీద రాలి గాజుపూసల్లా దొర్లుకుంటూ పోయాయి. అన్ని కేకల మధ్య ఆ చిన్న చప్పుడు నాకు ఎలా వినపడిందో తెలియదు. ఇప్పటికీ ఎవరైనా చాటలో గింజలు చెరుగుతుంటే నా చేతిలో పని ఆగిపోతుంది.

కల్లూరులో మా పేటలో ఆమెను గుర్రం విశ్వాసమ్మ అంటారు. ఆ పేరు ఆమెకు నచ్చదు. ఆమె పుట్టింది రాజంపేట వైపు పల్లెలో. లేవి మామను చేసుకుని ఇక్కడికి వచ్చేనాటికి ఆమె గుర్రాన్ని దగ్గరగా చూసి ఎరగదట. "ఎనుమయితే మొగం చూస్తే తెలుస్తాది, దానికి ఆకలా, కోపమా అని. గుర్రం మొగంలో ఏం కనపడతాది? శానా పొడుగు మొగం. చూసుకుంటా పోయేలోపల మనం భయపడేది అయిపోతాది" అని చెప్పి నవ్వేది.

లేవి మామ నాయన కర్నూలు రైల్వేస్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. షేర్ ఆటోలు వచ్చాక జట్కా ఎక్కేవాళ్ళు లేకపోయారు. లేవి మామ బండిని అమ్మేసి, తెల్లటి ఆడగుర్రాన్ని ఒకదాన్ని తెచ్చుకున్నాడు. చాందిని అన్న పేరు అది వచ్చేటప్పుడే తెచ్చుకుంది. కోమట్ల ఇళ్ళలో పెళ్ళికొడుకు ఊరేగింపుకీ, సాయిబుల బారాత్‌కీ దాన్ని పిలిచేవారు. ఎర్ర తలపాగా చుట్టుకుని, బ్యాండు మేళం మధ్యలో కళ్ళెం పట్టుకుని నడిచేది లేవి మామ. మిగిలిన రోజులన్నీ లద్దె ఎత్తేదీ, గడ్డి కోసుకొచ్చేదీ, ఒళ్ళు రుద్దేదీ విశ్వాసమ్మత్త. భయం ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు. చాందిని తల ఆమె భుజం మీద పెట్టి నిద్రపోవడం మాత్రం నేను చాలాసార్లు చూశాను.

వాళ్ళ కొట్టానికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. అమ్మకు జబ్బు చేసి నేను తొమ్మిదిలో బడి మానేసినప్పటి నుంచి పగలంతా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ గోడ దగ్గర కూర్చునే బియ్యం ఏరేదాన్ని, బట్టలు కుట్టేదాన్ని. అందుకే ఇదంతా చెప్పగలుగుతున్నాను.

విశ్వాసమ్మత్తకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ఇంట్లో బండలు పరిపించుకోవాలని. మా వైపు ఎవరైనా కాస్త బాగుపడ్డారంటే మొదట చేసే పని అదే, మట్టి నేల తీసేసి నున్నటి బండలు పరచడం. "బండల ఇల్లా, మన్ను ఇల్లా?" అని సంబంధాలప్పుడు కూడా అడుగుతారు. ఆమె తమ్ముడు ఏసన్న బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. కనపడినప్పుడల్లా ఆమె, "నా వంటింటికన్నా నాలుగు బండలు చూడు తమ్ముడా" అనేది. ఏసన్న, "చూస్తా అక్కా" అనేవాడు. చూస్తూనే ఉండేవాడు. వంటింటి నేల మాత్రం మట్టిదే. ఆమె వారం వారం పేడతో అలికి, అంచుల్లో ముగ్గు గీత లాగేది.

ఇక ఆ ఏడు వానలు. అది 2007. మాకు వాన అంటే ఒక పూట ముచ్చట. పడుతుంది, పోతుంది, నేల మళ్ళీ నెర్రెలిస్తుంది. ఆ ఏడు పడిన వాన పోలేదు. తెల్లారి లేస్తే వాన, పొద్దు గుంకితే వాన. వీధిలో మోకాటి లోతు బురద. ఆటోలు రావడం మానేశాయి. కొట్టంలోకి నీళ్ళు దూరి, లద్దె, ఉచ్చ, మట్టి కలిసి రొచ్చు తయారైంది. విశ్వాసమ్మత్త పొద్దున ఎత్తిపోస్తే మధ్యాహ్నానికి మళ్ళీ అంతే అయ్యేది. గంప నెత్తిన పెట్టుకుని, రొచ్చునీళ్ళు భుజాల మీద కారుతుంటే, ఆమె అటూ ఇటూ నడుస్తూనే ఉండేది.

ఒకరోజు ఆమె చాందిని ముందుకాలు ఎత్తి, గిట్ట అడుగు దగ్గరికి ముక్కు పెట్టింది. అలాగే కాసేపు వంగి ఉండిపోయింది.

"ఏమైందత్తా?" అన్నాను గోడ అవతలి నుంచి.

"కుళ్ళు వాసన వస్తాంది పాపా. గిట్ట మెత్తగయింది."

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ ఒకటే పంచాయితీ. గుర్రాన్ని కొట్టంలోనే కట్టేయాలా, బయటికి తోలాలా.

"బయట విడుద్దాం. ఆడ వాన పడినా నీళ్ళు పారిపోతాయి. ఈడ నిలబడి నిలబడి కాళ్ళు కుళ్ళిపోతాండాయి" అని ఆమె.

"వానలో గుర్రాన్ని నిలబెడితే చూసినోళ్ళు ఏమంటారు? తిండి పెట్టల్యాక తోలేసినాడంటారు. రేపు శ్రావణంలో పెండ్లికి దీని మీద కోమటోళ్ళ పిల్లోడు కూచోవల్ల. బురద పట్టిన గుర్రాన్ని ఎవడు ఎక్కుతాడే?"

"కుంటి గుర్రాన్ని ఎక్కుతాడా మరి?"

"నీ నోట్లో ఎప్పుడూ ఆ మాటలే."

చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. గిట్టలకు ఇనుప నాడాలు కొట్టే ఖాజామొద్దీన్ సాబును అడుగుదామని. ఆయన కర్నూలు వన్‌టౌన్‌లో ఉంటాడు. లేవి మామ నాయన రోజుల నుంచీ వీళ్ళ గుర్రాలకు నాడాలు కొట్టేది ఆయనే. ఆయన మాటంటే లేవి మామకు బైబిలు వాక్యంతో సమానం. కానీ మధ్యలో హంద్రీ నది పొంగి అటువైపు దారి ఆగిపోయింది. లేవి మామ సిగ్నల్ కోసం కొట్టమంతా తిరిగి, చివరికి మా గోడ పక్కకు వచ్చి నిలబడి ఫోన్ చేశాడు. సాబు గొంతు పెద్దది. ఫోన్‌లో నుంచి నాకూ వినపడింది.

"భాయ్, చాందిని గిట్ట వాసనొస్తాంది. ఏం చేయల్ల?"

"రొచ్చులో ఉంచినావా?"

"యాడ పెట్టేది భాయ్. వానలు నిలిచేటట్టు లేవు."

"రొచ్చులో వద్దు లేవీ. బండ మీద నిలబెట్టు. వానలు పొయ్యేదాకా బండ మీదనే ఉండనీ. గిట్ట ఆరితే అదే బాగయితాది. హంద్రీ తగ్గినాక నేనొస్తా…"

అక్కడికి లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

"ఏమన్నాడు? లోపలనా, బయటనా?" అంది విశ్వాసమ్మత్త.

"బండ మీద నిలబెట్టమన్నాడు."

"అదే, లోపలనా బయటనా?"

"బయట యాడుందే బండ? బురద తప్ప ఏముంది? బండలు పరచమంటాండాడు, కొట్టంలో. అంత మాత్రం తెలీదా నీకు?"

బండ అంటే మా పేటలో ఎవరికైనా ఒకటే అర్థం. ఇళ్ళలో పరుచుకునేది. చుట్టుపక్కల సగంమంది బతుకుతెరువు అదే. ఆ మాట వింటే నా కళ్ళ ముందుకు వచ్చేదీ అదే.

మర్నాడు ఏసన్న ఫ్యాక్టరీ నుంచి ట్రాక్టర్‌లో బండలు తెచ్చాడు. అంచులు విరిగి మిగిలిపోయిన సరుకు. కానీ పాలిష్ మాత్రం అద్దంలా ఉంది. విశ్వాసమ్మత్త వాకిట్లోకి వచ్చి వాటిని చూసింది.

"ఏసన్నా, నా వంటింటికి అడిగితే ల్యావంటివి కదప్పా."

"అప్పుడు ల్యావక్కా. ఇప్పుడు వానకి లారీలు రాక పడుండాయి."

"గుర్రానికయితే దొరికినాయి."

ఏసన్న తల గోక్కున్నాడు. లేవి మామ వినపడనట్టు ఇసుక చదును చేస్తూ ఉన్నాడు.

పేటలో వాళ్ళకు ఆ వానలో అదొక వేడుక అయింది. ఎదురింటి నాగక్క వానకు గోనెసంచిని నెత్తిన కొప్పెరలా వేసుకుని వచ్చి గడపలో నిలబడింది.

"ఏమప్పా లేవీ, గుర్రానికి బండలిల్లు కడతాండావంట. గృహప్రవేశానికి మమ్మల్ని పిలవనే లేదే?"

"నీకు పిలుపేంది నాగక్కా, పిలవకనే వస్తివి కదా."

"మా పాప పెండ్లికి సంబంధం చూస్తాండాం. పాపను ఈ కొట్టానికే ఇస్తాంలే. మా ఇంటికన్నా బాగుండాది." తర్వాత విశ్వాసమ్మత్త వైపు తిరిగి, "నువ్వు కూడా ఈడనే పండుకో. లోపల మన్నింట్లో ఏముండాది?" అంది.

అందరూ నవ్వారు. విశ్వాసమ్మత్త కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు చివర ఆమె కింది పెదవి పళ్ళ మధ్య పట్టుకోవడం నేను చూశాను.

బండలు పరచడం అయ్యాక లేవి మామ తడిగుడ్డతో తుడిచాడు. కొట్టం వెలిగిపోయింది. ఆమె బకెట్‌తో నీళ్ళు తీసుకుని లోపలికి అడుగుపెట్టి, జర్రున జారి గోడ పట్టుకుంది.

"ఇంత నునుపేందయ్యా. గరుకు పక్క పైకి పెట్టరాదా?"

"బండను తిరగేసి ఎవరన్నా పరుస్తారా? చూసినోళ్ళు నవ్వుతారు. కొత్తలో అంతే ఉంటాది, అలవాటైతాది."

చాందిని లోపలికి రానంది. ముందుకాలు ఒకటి పెట్టి, నాడా బండకు తగిలి టక్కుమనగానే వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసుకుంది. లేవి మామ దాని మెడ నిమురుతూ, "కొత్త కోడలు గడప కాడ సిగ్గుపడతాంది చూడు" అన్నాడు. బెల్లం ముక్క చూపించి, మెల్లగా నడిపించుకుని పోయి కట్టేశాడు.

ఆ రోజంతా అది కదలకుండా నిలబడింది. నాలుగు కాళ్ళూ కొంచెం ఎడంగా పెట్టుకుని, తోక కూడా ఊపకుండా. చెవులు మాత్రం వెనక్కి వాలి ఉన్నాయి. లేవి మామ మురిసిపోయాడు. "చూసినావా, ఎంత నిమ్మళంగా ఉండాదో. ఇన్నాళ్ళు రొచ్చులో ఒకటే గిలకలాడతాండె" అన్నాడు.

"అది నిమ్మళం కాదు. అది పండుకోల్యా, కాలు మార్చల్యా" అంది ఆమె.

"నీకు కండ్లమంట. నీ వంటింటికి పరచలేదని."

ఆ మాట తగిలింది. ఆమె బకెట్ తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆమె నిజంగా గుర్రం గురించే అన్నదని నాకు తెలుసు. కానీ ఆ మాట తర్వాత ఇక ఆమె ఏమన్నా వంటింటి గురించే అన్నట్టు ఉంటుంది.

మర్నాడు పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. లేవి మామ నీళ్ళ బకెట్‌తో లోపలికి వెళ్ళాడు. రోజూలాగే, "ఏం తల్లీ, లేసినావా?" అన్నాడు. ఆ గొంతు వినగానే చాందిని తల తిప్పింది. తలతో పాటు ఒళ్ళు తిప్పింది. ఉచ్చతో తడిసిన బండ మీద వెనక నాడా జారింది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు విడిపోయాయి. అంత పెద్ద ఒళ్ళు, గోడ కూలినట్టు, తుంటి మీద పడింది. నేను గోడ దగ్గరే ఉన్నాను. ఆ దెబ్బకు మా ఇంటి గూట్లో గిన్నె కదిలింది.

అప్పుడే ఉలవలు రాలింది.

దానిని లేపడానికి మగవాళ్ళంతా వచ్చారు. గుర్రం లేవాలంటే ముందు కాళ్ళు ముందుకు చాచి, వెనక కాళ్ళతో నేలను తన్ని ఒక్క ఊపులో లేవాలి. తన్నడానికి అక్కడ నేల లేదు. అద్దం ఉంది. తన్నిన ప్రతిసారీ నాడాలు బండను గీరి, నిప్పు రవ్వలు లేచి, కాళ్ళు విడిపోయి మళ్ళీ పడేది. పడినప్పుడల్లా అది ఒక మూలుగు మూలిగేది. గుర్రం మూలుగు నేనంతకు ముందు వినలేదు. అచ్చం మనిషిలా ఉంటుంది. పొట్ట కింద తాడు వేసి లాగారు. లాగేవాళ్ళే జారి పడ్డారు. ఏసన్న మోకాలు చీరుకుపోయింది. అతను తాను పరిచిన బండల వైపు, తన చేతుల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

లేవి మామ ఇంట్లోకి పరిగెత్తి, పెళ్ళిళ్ళకు చుట్టుకునే ఎర్ర తలపాగా గుడ్డ తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని దానితో బండలు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. "ఇప్పుడు జారదు. ఇప్పుడు లేస్తాది. లే బంగారూ" అంటూ. నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పశువుల డాక్టరు కోసం పోయిన మనిషి తిరిగి రాలేదు. మధ్యాహ్నం అయింది. చాందిని ఇక ప్రయత్నించడం మానేసింది. దాని పొట్ట ఎగసి పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అంతసేపు పడి ఉంటే గుర్రం ఇక లేవదని ఎవరో అన్నారు. విశ్వాసమ్మత్త దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వెనక వైపు నుంచి ఎవరో వస్తున్న అలికిడి అయింది. వీధి వైపు నుంచి కాదు, పొలాల వైపు నుంచి. ఖాజామొద్దీన్ సాబు. హంద్రీ కాస్త తగ్గిందని పొద్దున్నే బయలుదేరాడట. తొడల దాకా బురద, సంకలో నాడాల సంచి. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. నవ్వుతూనే వచ్చాడు.

"ఏమప్పా లేవీ, గుర్రం యాడుండాది? బండ మీద ల్యాకపాయె. అంతా తిరిగొస్తాండా."

ఆయన ఇంకో అడుగు వేసి, మనుషుల మధ్యలో నుంచి కిందికి చూశాడు. నవ్వు సగంలో ఉండిపోయింది.

"ఏ బండ భాయ్?" అన్నాడు లేవి మామ.

"ఏ బండేంది? జొన్నలు నూర్చేటోళ్ళు కదా, ఆ పరుపు బండ. వానొస్తే మీ నాయన జట్కా గుర్రాల్ని ఆడనే కదా కట్టేసేది. నీళ్ళు నిలవవు, గరుకుగా ఉంటాది, కాలు జారదు. నువ్వు ఇంతుండేటప్పుడు గొడుగు పట్టుకోని ఆడనే కూచుంటాంటివి. మర్చిపోయినావా?"

లేవి మామ తలపాగా గుడ్డ చేతిలో నలుపుతూ అన్నాడు.

"దాన్ని మేం కల్లం అంటాం భాయ్."

మా పేట వెనక, పొలాల మొదట్లో, నేలలో నుంచి పైకి తేలిన పెద్ద రాతి పరుపు ఉంది. వెనకటి రోజుల్లో అక్కడ జొన్నలు, కొర్రలు నూర్చేవారు. అందుకని మేమంతా దాన్ని కల్లం అంటాం. వేరుశనగ బుడ్డలు ఎండబెట్టుకునేది అక్కడే. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అది కూడా బండేనని ఒక్కసారి కూడా నా మనసుకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. కొట్టం నుంచి కేక వేస్తే వినపడేంత దగ్గరలో ఉంది అది. ఏసన్న గుంజకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఖాజామొద్దీన్ సాబు ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. "బయట అనాల్సింది నేను. బయట అని ఒక్క మాట అనాల్సింది."

విశ్వాసమ్మత్త చాందిని తలను ఒడిలో నుంచి మెల్లగా దించి లేచింది.

"సాబూ, దీని కింద మన్ను పోస్తే లేస్తాదా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "లేస్తే లేస్తాదమ్మా. కానీ పొడి మన్ను కావల్ల. తడి మన్ను పోస్తే ఇంకా జారతాది."

"గరుసు మన్నయితే?"

"గరుసయినా, ఇసకయినా, పొడిగుండల్ల."

అందరం బయటికి చూశాం. ఇన్ని రోజుల వానలో కల్లూరులో పొడి మన్ను ఎక్కడుంది? వీధి అంతా చెరువు. పొలాలు బురద. ఇసుక కుప్పలు నీళ్ళు కారుతున్నాయి. నాగక్క, "మా పొయ్యిలో బూడిద తెస్తా" అని పరిగెత్తింది. అది ఏ మూలకు వస్తుంది?

విశ్వాసమ్మత్త అప్పటికే ఇంట్లోకి వెళ్ళిపోయింది. లోపల నుంచి దబ్ దబ్ మని చప్పుడు వినపడింది. ఏమిటా అని నేను గోడ దూకి, వెనక తలుపులో నుంచి చూశాను. ఆమె చీర నడుముకు దోపుకుని, గడ్డపారతో వంటింటి నేల తవ్వుతోంది.

ఆమె వారం వారం అలికిన నేల. పొయ్యి పక్క, రోలు పక్క, గూటి కింద. అలుకు పైపొర పెచ్చులుగా లేచి, కింద నుంచి ఎర్రటి పొడి మన్ను బయటపడింది. ఎన్నో ఏళ్ళ పొయ్యి సెగకు ఎండిన మన్ను. నేను తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. ఆమె తల ఎత్తి, "చూస్తాండావేం పాపా, గంప పట్టు" అంది.

పట్టాను. నా వెనక నాగక్క, ఆమె వెనక ఇంకా ఆడవాళ్ళు. ఆమె తవ్వుతుంటే మేం మోశాం. ఇన్నాళ్ళూ ఆమె ఆ కొట్టంలో నుంచి గంపలకు గంపలు మన్ను బయటికి మోసింది. ఇప్పుడు లోపలికి మోస్తున్నాం. సాబు గోనెసంచులు పరిపించి, వాటి మీద మన్ను మందంగా పోయించాడు. చాందిని వెనక కాళ్ళ కింద, ముందు కాళ్ళు చాచే చోట. పైన బుడ్డల పొట్టు చల్లించాడు. వెనక కాళ్ళ నాడాలు రెండూ అక్కడే పట్టకారుతో లాగేశాడు.

"ఇప్పుడు పిలువు" అన్నాడు సాబు లేవి మామతో.

లేవి మామ నోరు తెరిచాడు. మాట రాలేదు. పొద్దున తన గొంతు విని అది తిరగబోయిందని అతనికి గుర్తొచ్చి ఉంటుంది. అతను భార్య వైపు చూశాడు.

విశ్వాసమ్మత్త చేతులకు అంటిన మన్ను కూడా తుడుచుకోకుండా దాని ముందు నిలబడింది. "రా చాందిని" అంది, గడ్డికి పిలిచినంత మామూలుగా.

మొదటిసారి అది ముందు కాళ్ళు మాత్రం చాచింది. మన్ను కాలికి తగిలినట్టుంది. చెవులు ముందుకు వచ్చాయి. రెండోసారి వెనక కాళ్ళతో తన్నింది. కాళ్ళు మన్నులో దిగబడి నిలిచాయి. ఒళ్ళంతా వణికిపోతూ, పక్కకు ఒరుగుతూ, మనుషుల మీద పడబోతూ, లేచింది. లేచి నిలబడింది. కుడి వెనక కాలు నేలకు ఆనీ ఆననట్టు ఉంది. తుంటి ఒక పక్క లోపలికి కుంగిపోయింది. సాబు దాని వెనక్కి వెళ్ళి చేత్తో తడిమి, తల అడ్డంగా ఊపుతూ ముందుకు వచ్చాడు.

ఆ సాయంత్రమే దాన్ని అడుగు అడుగుగా కల్లం మీదికి నడిపించుకుని పోయారు. మళ్ళీ వాన మొదలైంది. నీళ్ళు రాతి మీద పడి వాలుకు జారిపోతున్నాయి. చాందిని ఆ గరుకు రాతి మీద మొదటిసారి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. వాన ఆగినప్పుడల్లా రాయి ఇట్టే ఆరిపోయేది. వానలు ముగిసేలోపలే గిట్టలు గట్టిపడ్డాయి. వాసన పోయింది. సాబు చెప్పింది చెప్పినట్టే జరిగింది. గిట్టలు నాలుగూ బాగయ్యాయి. కాలు బాగవలేదు.

శ్రావణంలో ఆ పెళ్ళికి కోమట్లు కారును పూలతో అలంకరించుకున్నారు. లేవి మామ ఏసన్నతో పాటు ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టాడు. కుంటి గుర్రాన్ని ఎందుకు మేపడం, ఎవరికైనా ఇచ్చేయమని చాలామంది చెప్పారు. విశ్వాసమ్మత్త, "మా ఇంటి మన్ను తొక్కి లేసింది. యాడికి పోతాది?" అని ఊరుకునేది.

వంటింట్లో పెద్ద గుంట మిగిలింది. ఏసన్న కొట్టంలో బండలన్నీ పెకలించి, కడిగి, వాకిట్లో పేర్చాడు. "అక్కా, రేపొచ్చి నీ వంటింట్లో పరుస్తా" అన్నాడు. ఆమె ఎన్నేళ్ళుగానో అడిగిన మాట అది. ఆమె బండల మీద చెయ్యి పెట్టి చూసింది. ఒక దాని మీద నాడాలు గీరిన తెల్లటి గీతలు ఉన్నాయి.

"వద్దప్పా" అంది.

ఎండలు రాగానే పొలం నుంచి ఎర్రమన్ను తెప్పించి, గుంట పూడ్చి, తానే దిమ్మిస కొట్టుకుని, పేడతో అలికింది. ఆ బండలు ఇప్పటికీ ఆమె పెరటి గోడకు ఆనించి ఉన్నాయి. పాలిష్ పక్క గోడ వైపుకు.

మరుసటి ఏడు మొదటి మబ్బు పట్టిన రోజు నేను గోడ దగ్గరే ఉన్నాను. లేవి మామ వాకిట్లోకి వచ్చి ఆకాశం చూశాడు.

"విశ్వాసమ్మా, కట్టేద్దామా, తోలుకపోదామా?" అన్నాడు. అంతకు ముందు అతను ఆమెను అలా అడగడం నేను వినలేదు.

ఆమె పలుపు విప్పి అప్పటికే నడుస్తోంది. చాందిని వెనక కాలు ఈడ్చుకుంటూ ఆమె వెంట పోయింది. వాళ్ళ వెనక నేనూ నడిచాను. గోనెసంచి కొప్పెర పెట్టుకుని ఆమె కల్లం మీద దాని పక్కనే నిలబడింది. లేవి మామ కాసేపు వాకిట్లోనే తచ్చాడి, గొడుగు తీసుకుని వెళ్ళాడు. గొడుగు భార్యకు పట్టాలో గుర్రానికి పట్టాలో తెలియక, ఇద్దరి మధ్యలో పట్టుకుని తాను తడిశాడు.

కల్లం పక్క రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి నెమ్మదించింది. లోపల నుంచి ఎవరో ఆడమనిషి తల బయటికి పెట్టి గట్టిగా అంది. "యాడి మనుషులమ్మా మీరు? నోరు ల్యాని జీవాన్ని ఇంత వానలో నిలబెడతారా? కొట్టం ల్యాదా మీకు?"

లేవి మామ తల వంచుకున్నాడు. విశ్వాసమ్మత్త ఆటో వైపు చూడలేదు. వంగి, చాందిని ముందుకాలు ఎత్తి, గిట్ట అడుగు దగ్గరికి ముక్కు పెట్టింది.

"వాసన ల్యా" అంది మొగుడితో, కాలు రాతి మీద మెల్లగా దించుతూ.